చిన్న పడవకి బ్యాటరీ కొనాలంటే తిరుగు ప్రయాణం నుంచి లెక్క మొదలుపెట్టండి

శ్రీకాకుళంలోగాని విజయనగరంలోగాని బ్యాటరీ షాపుకెళ్ళి "పడవకి బ్యాటరీ కావాలండీ" అంటే ముందు మీ మొహంకేసి ఓసారి చూస్తారు, ఆ తర్వాత "ఇన్వర్టర్‌ది ఒకటి ఏసీండి బాబూ, పెద్దదైతే ఏటి ఇబ్బంది" అంటారు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళు రోజూ అమ్మేవి కార్లకీ ట్రాక్టర్లకీ ఇళ్ళకీ. పడవ అవసరం వాటన్నిటికంటే వేరు. ఇంట్లో బ్యాటరీ అయిపోతే ఫ్యాను ఆగుతుంది, విసనకర్ర తీస్తాం. రిజర్వాయరు మధ్యలో అయిపోతే ఒడ్డు కిలోమీటరు అవతల ఉంటుంది, గాలి ఎదురుగా కొడుతుంటుంది.

ఇది వేటకి సముద్రంలోకి వెళ్ళే ఇంజిన్ బోట్ల గురించి కాదు. సరదాకి వాడుకునే చిన్న పడవలు, అంటే పది పద్నాలుగు అడుగుల ఫైబర్ పడవో, గాలి నింపే రబ్బరు పడవో, దానికి వెనకాల తగిలించే చిన్న కరెంటు మోటారు. తాటిపూడి, మడ్డువలస లాంటి నిలవనీళ్ళలోనో, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం దగ్గరో, చంపావతి కలిసే కోనాడ వైపో తిప్పుకునేవాళ్ళ కోసం. (రిజర్వాయర్లో దింపే ముందు అనుమతి సంగతి ఇరిగేషన్ వాళ్ళని అడిగి తెలుసుకోండి, అది వేరే కథ. తాటిపూడి నీళ్ళు విశాఖపట్నం వాళ్ళు తాగేవి కూడా, కాబట్టి అక్కడ పెట్రోలు కంటే కరెంటు మోటారే మర్యాద.)

పెట్రోలు మోటారు ఉన్నవాళ్ళ సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. తాడు లాగి స్టార్ట్ చేసే చిన్న మోటారుకి అసలు బ్యాటరీయే అక్కర్లేదు. బటన్ స్టార్ట్ ఉంటే మోటారు పుస్తకంలో ఎంత క్రాంకింగ్ కరెంటు (ఇంజిను తిప్పి లేపడానికి కావాల్సిన కరెంటు) కావాలో రాసి ఉంటుంది, దానికి సరిపడే స్టార్టింగ్ బ్యాటరీ తీసుకుంటే చాలు. చేపల్ని చూపించే ఫిష్ ఫైండరు, లైట్లు మాత్రం దాని మీద పెట్టకండి. వాటికి విడిగా చిన్న యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ పెట్టుకోండి (ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్, ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇస్తుందో ఆ రెండింటినీ హెచ్చవేసిన అంకె), రెండున్నర కేజీలకి అటూఇటూ ఉంటుంది, చిన్న ఫిష్ ఫైండరు అర ఆంపియరు లాగినా పూటంతా వస్తుంది. ఇక మిగతాదంతా కరెంటు మోటారు వాళ్ళకే.

ముందు కాగితం, తర్వాత షాపు

మీ మోటారు ఏ స్పీడులో ఎన్ని ఆంపియర్లు లాగుతుందో తెలియకుండా బ్యాటరీ కొనడానికి బయల్దేరకండి. మోటారు మీద ఎన్ని పౌండ్ల తోపుడు శక్తో రాసి ఉంటుంది. 12 వోల్టుల మోటార్లలో 30 పౌండ్లది పూర్తి స్పీడులో సుమారు 30 ఆంపియర్లు, 55 పౌండ్లది సుమారు 50 ఆంపియర్లు లాగుతాయి. 80 పౌండ్లు, ఆపైన అయితే 24 వోల్టులు కావాలి, అంటే రెండు బ్యాటరీలు వరసగా (సిరీస్‌లో) కలపాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి అంత అవసరం లేదు.

పుస్తకంలో అంకె ఉన్నా ఒకసారి మీరే కొలుచుకోవడం మంచిది. డీసీ ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటరు ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటుంది, లేదంటే కొన్నా పెద్ద ఖర్చు కాదు, కాకపోతే మామూలు క్లాంప్ మీటర్లు చాలావరకు ఏసీ ఒక్కటే కొలుస్తాయి, అది చూసి తీసుకోండి. ఎవరి దగ్గరైనా బ్యాటరీ అరువు తెచ్చుకుని, పడవని గట్టుకి తాడుతో కట్టేసి, మోటారు నీళ్ళలో దించి ఒక్కో స్పీడులో వైరు చుట్టూ మీటరు పెట్టి చూసి రాసుకోండి. కట్టేసిన పడవలో మోటారు కదిలే పడవలో కంటే కాస్త ఎక్కువే లాగుతుంది. అది మనకి మంచిదే, లెక్క కొంచెం గట్టిగా వస్తుంది.

ఇప్పుడు ఒక పూట తిరుగుడుని ముక్కలుగా రాసుకోవాలి. ఉదాహరణకి 55 పౌండ్ల మోటారు, ఇద్దరు మనుషులు, తాటిపూడిలో పొద్దున్న బయల్దేరారు అనుకుందాం. వెళ్ళేటప్పుడు మధ్యస్థం స్పీడులో గంట, 20 ఆంపియర్లు: 20 ఏహెచ్. ఆ తర్వాత గేలం వేసుకుంటూనో ఫోటోలు తీసుకుంటూనో మెల్లగా గంటన్నర, 12 ఆంపియర్లు: 18 ఏహెచ్. వచ్చేటప్పుడు గాలి ఎదురైంది, స్పీడు పెంచక తప్పలేదు, గంటసేపు 35 ఆంపియర్లు: 35 ఏహెచ్. చిల్లర సామాన్లకి ఒక 2. మొత్తం 75 ఏహెచ్.

చూశారా, వెళ్ళడానికి అయినదానికంటే రావడానికి దాదాపు రెట్టింపు అయింది, దూరం మాత్రం అంతే. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. వెళ్ళిన ఖర్చుని రెండుతో హెచ్చవేసి సరిపోతుంది అనుకుంటారు. మన వైపు పొద్దున్న నీళ్ళు అద్దంలా ఉంటాయి, పదకొండు దాటాక, ముఖ్యంగా ఎండాకాలం, సముద్రం మీద నుంచి గాలి లేస్తుంది. తీరం దగ్గర పడవలో లోపలికి వెళ్ళి మధ్యాహ్నం ఒడ్డుకి వస్తే ఆ గాలి వెనక నుంచి తోస్తుంది, బాగుంటుంది, అదే ఏటి మొగ నుంచి పైకి వెళ్ళి మళ్ళీ కిందికి రావాలంటే ముఖం మీద కొడుతుంది. ఏటి మొగల్లో దానికి తోడు ఆటుపోట్లు. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు, అంటే ఆరేసి గంటలకి నీళ్ళ దిక్కు మారిపోతుంది. పోటుతో పాటు కళింగపట్నం నుంచి వంశధారలో పైకి పోయి, అది తగ్గకముందే తిరిగి రావాలంటే ఎదురీదాలి. వర్షాకాలంలో అయితే ఈ లెక్కలేవీ పనికిరావు. గొట్టా బ్యారేజీ దగ్గర గేట్లు ఎత్తి నీళ్ళు వదిలినప్పుడు కింద ఏట్లో చిన్న పడవతో మీకు పనేం లేదు, ఇంట్లో కూర్చోండి.

అందుకని కాగితం మీద తిరుగు ప్రయాణాన్ని ముందు రాయండి, అదీ మీకు తెలిసిన చెత్త గాలిలో. అది భరించగలిగే బ్యాటరీ వెళ్ళడానికి ఎలాగూ సరిపోతుంది.

దీనికి ఒక విరుగుడు కూడా ఉంది. నీళ్ళలో స్పీడు కాస్త పెంచినా కరెంటు ఖర్చు విపరీతంగా పెరుగుతుంది, స్పీడు రెట్టింపు చేస్తే శక్తి ఏడెనిమిది రెట్లు కావాలి. అదే వెనక్కి తిప్పి చూడండి, స్పీడు కొంచెం తగ్గిస్తే ఎంత మిగులుతుందో. ఛార్జి తక్కువగా ఉందని కంగారుపడి "బేగి పోదాం" అని ఫుల్‌లో పెడితే సగం దారిలోనే అయిపోతుంది. టెన్షన్ పడకుండా పడవ ముందుకి కదిలేంత స్పీడులో, గట్టు పక్కగా గాలి తక్కువ ఉన్నచోట నుంచి రావాలి.

75 వచ్చింది కదా, ఎంత పెద్ద బ్యాటరీ?

ఇక్కడ బ్యాటరీ రకం అడ్డొస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ, అంటే మనకి తెలిసిన మామూలు బ్యాటరీలన్నీ, సగం కంటే కిందికి తరచుగా దించితే ఆయుష్షు గబగబా తగ్గిపోతుంది. కాబట్టి 75 వాడాలంటే 150 ఏహెచ్ ఉండాలి. దాని పైన ఇంకో పాతిక శాతం అదనంగా పెట్టుకోమని కొందరు చెబుతారు, అప్పుడు 190 దాకా పోతుంది. నా మటుకు నాకు 150 చాలనిపిస్తుంది, ఎందుకంటే అడుగున వదిలేసిన సగమే మన అత్యవసర నిధి. ఎప్పుడో ఏడాదికోసారి ప్రాణం మీదికి వచ్చినప్పుడు అది వాడేసినా బ్యాటరీ కొంచెం దెబ్బతింటుందేమో కానీ మీరు ఇల్లు చేరతారు.

ఇంకో మెలిక. డబ్బా మీద 150 ఏహెచ్ అని ఉన్నది మామూలుగా సి20 లెక్క, అంటే 20 గంటలపాటు మెల్లగా 7.5 ఆంపియర్ల చొప్పున తీస్తే వచ్చేది. అదే బ్యాటరీ నుంచి 50 ఆంపియర్లు లాగితే అంత రాదు, అందులో మూడో వంతు దాకా కోత కూడా పడొచ్చు. స్పీడుగా పోయేవాళ్ళకి లెడ్ యాసిడ్ బ్యాటరీ చెప్పినదానికంటే ఎప్పుడూ చిన్నదే. డబ్బా మీద సి100 అని ఉంటే ఇంకా జాగ్రత్త, సోలార్ బ్యాటరీల మీద కొన్నిసార్లు ఉంటుంది, ఆ అంకె మరీ మెల్లగా తీసినప్పటిది. రెండు బ్యాటరీలు పోల్చేటప్పుడు రెండూ సి20యేనా అని చూడండి, లేకపోతే మొదటికే మోసం.

లిథియం అయితే, అంటే పడవలకి పనికొచ్చే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, ఎనభై శాతం దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు, ఎంత స్పీడుగా లాగినా దాదాపు చెప్పినంతా ఇస్తుంది. మన 75కి 100 ఏహెచ్ లిథియం సరిపోతుంది. అంటే మీ లెక్కలో 150 ఏహెచ్ లెడ్ యాసిడూ 100 ఏహెచ్ లిథియమూ ఒకే పని చేస్తాయి. ధర చూసేటప్పుడు 150ని 150తో పోల్చకుండా ఈ లెక్కలో పోల్చండి.

షాపులో కనబడేవి

కారు బ్యాటరీ. చవక, తేలిక, ఎక్కడైనా దొరుకుతుంది, పడవ మోటారుకి మాత్రం వద్దు. ఇంజిను తిప్పడానికి రెండు సెకన్లు భారీగా కరెంటు ఇచ్చేందుకు దాని లోపల ప్లేట్లు పలచగా, ఎక్కువగా పెడతారు. గంటల తరబడి మెల్లగా పీల్చి అడుగంటిస్తే ఆ పలచటి ప్లేట్లు తట్టుకోలేవు, కొన్ని పదుల సార్లకే చచ్చిపోతుంది. పైన "మెయింటెనెన్స్ ఫ్రీ" అని రాసి ఉంటుంది, దాని అర్థం నీళ్ళు పొయ్యనక్కర్లేదు అనే తప్ప లోతుగా వాడుకోవచ్చు అని కాదు.

ఇన్వర్టర్ ట్యూబులర్. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చి రోజుల తరబడి కరెంటు లేక అల్లాడిన తర్వాత మన రెండు జిల్లాల్లో ఇన్వర్టరు లేని ఇల్లు వెతుక్కోవాల్సిందే, కాబట్టి అందరి బుర్రకీ ముందు తట్టేది ఇదే. లోపలి సరుకు నిజంగా మంచిది, మందపాటి ప్లేట్లు, లోతుగా వాడినా తట్టుకుంటుంది, రిపేరు చేసేవాళ్ళు ప్రతి మండలంలో ఉన్నారు. పడవ దృష్టితో చూస్తే మాత్రం మూడు చిక్కులు. 150 ఏహెచ్‌ది 50 నుంచి 60 కేజీలు ఉంటుంది, అంటే ఒక మనిషిని అదనంగా ఎక్కించుకున్నట్టే, పైగా ఆ మనిషి పడవ దిగి తనంతట తాను నడిచి రాడు. పొడుగు ట్యూబులర్ డబ్బా ఎత్తు ఎక్కువ, చిన్న పడవలో బరువు ఎంత పైన ఉంటే పడవ అంత ఊగుతుంది. మూడోది యాసిడ్. పడవ ఒరిగితే మూతల్లోంచి కారుతుంది, ఫైబర్ సంగతి ఎలా ఉన్నా మీ కాళ్ళ సంగతి చూసుకోవాలి. ఉప్పునీళ్ళు లోపలికి పోతే యాసిడ్‌తో కలిసి క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులకి విషం. అందుకని ఏటి మొగల్లో, తీరంలో నీళ్ళు పోసే బ్యాటరీ వద్దనే చెబుతాను. రిజర్వాయర్లో, వెడల్పాటి నిలకడైన పడవ అయితే, బడ్జెట్ తక్కువైతే పరవాలేదు.

ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీనే ఆదివారం పీకి పడవలో పెట్టుకుందాం అనే ఆలోచన కొందరికి వస్తుంది. ఆ మాట ఇంట్లో ఆడవాళ్ళ ముందు అనకండి, అంతకంటే నేనేం చెప్పను.

ఈ-రిక్షా బ్యాటరీ. దీని గురించి ఎవరూ చెప్పరుగానీ, బండి నడపడానికే చేసింది కాబట్టి రోజూ లోతుగా దిగడానికి అలవాటు పడ్డ సరుకు, 100 ఏహెచ్ చుట్టుపక్కల ఉంటుంది, బరువు 30 కేజీలకి అటూఇటూ, ఎత్తు కూడా ట్యూబులర్ అంత ఉండదు. యాసిడ్ ఇబ్బంది దీనికీ ఉంది. తక్కువ ఖర్చులో నిలవనీళ్ళకి నేను ముందు చూసేది ఇదే.

ఏజీఎం లేదా జెల్. షాపులో ఎస్ఎంఎఫ్ అనో వీఆర్ఎల్ఏ అనో అంటారు, పెద్ద యూపీఎస్‌లలో, సెల్ టవర్లలో ఉండేవి. సీలు వేసి ఉంటుంది, పడవ ఒరిగినా కారదు, నీళ్ళు పొయ్యక్కర్లేదు. 100 ఏహెచ్‌ది 30 కేజీల చిల్లర. సగం సూత్రం దీనికీ వర్తిస్తుంది. ఎక్కువ ఛార్జింగ్ వోల్టేజి, ఎండవేడి రెండూ దీనికి పడవు, ఎండిపోయిన జెల్ బ్యాటరీకి మళ్ళీ నీళ్ళు పోసి బతికించే దారి లేదు. యూపీఎస్‌ల నుంచి, టవర్ల నుంచి తీసేసినవి సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తాయి. పని అయిపోయిందనే కదా తీసేశారు, వాటి జోలికి వెళ్ళకండి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 12.8 వోల్టుల 100 ఏహెచ్‌ది పది నుంచి పదమూడు కేజీలు, ఒక చేత్తో పట్టుకుని పడవ ఎక్కొచ్చు. లెడ్ యాసిడ్ అయిపోతున్నకొద్దీ వోల్టేజి దిగి మోటారు నెమ్మదిస్తుంది, ఇది చివరిదాకా ఒకే తీరుగా లాగుతుంది. లెడ్ యాసిడ్ సగం వాడకంతో కొన్ని వందల సార్ల నుంచి, మంచి ట్యూబులర్ అయితే వెయ్యి పైదాకా వస్తే, ఇది రెండు వేలు ఆపైన వస్తుంది. కొనేటప్పుడు మూడు విషయాలు చూడాలి. ఒకటి, లోపల ఉండే బీఎంఎస్ అనే కాపలా సర్క్యూటు నిరంతరంగా ఎన్ని ఆంపియర్లు వదులుతుందో అడగండి, 50 ఆంపియర్ల మోటారుకి 100 ఆంపియర్ల బీఎంఎస్ ఉంటే హాయి, 50ది ఉంటే స్పీడు పెంచినప్పుడల్లా ఆపేసే ప్రమాదం. రెండు, ఈ బ్యాటరీ అయిపోయే ముందు చెప్పదు, అప్పటిదాకా పరిగెత్తినట్టే పరిగెత్తి బీఎంఎస్ కట్ చేయగానే ఠక్కున ఆగిపోతుంది. వోల్టు మీటరు చూస్తే 13.2 దగ్గరే కూర్చుని ఉంటుంది, సగం అయిందో ఎంత అయిందో తెలియదు. అందుకే షంట్ ఉన్న మీటరు, అంటే పోయిన ఆంపియర్లని లెక్కపెట్టేది, దీనితోపాటు కొనాల్సిందే, లేకపోతే లిథియం కొనకండి. మూడు, నకిలీ. 100 ఏహెచ్ అని చెప్పి లోపల అరవై పెట్టి అమ్మేవి ఉన్నాయి. తూకం వేయించండి, పది కేజీల కంటే బాగా తక్కువ తూగితే అనుమానించాల్సిందే.

మరి ఏది కొనాలి? వారం వారం వెళ్ళేవాళ్ళు డబ్బులుంటే లిథియం, అందులో వాదన లేదు. నెలకో రెండు నెలలకో ఒకసారి వెళ్ళేవాళ్ళు "ఇంత తక్కువ వాడకానికి లిథియం దండగ" అనుకుంటారు, నేను దానికి తిరగబడి చెబుతాను. లెడ్ యాసిడ్ వాడినదానికంటే ఊరికే పడి ఉంటేనే ఎక్కువగా చస్తుంది. నెలనెలా గుర్తుపెట్టుకుని ఛార్జి చేసే ఓపిక ఉంటే ఈ-రిక్షా బ్యాటరీనో ఏజీఎమ్మో తీసుకోండి, లేదంటే కొంచెం అప్పుచేసైనా లిథియమే మంచిది. ఉప్పునీళ్ళలో తిరిగేవాళ్ళకి మాత్రం సీలు వేసినవే, ఏజీఎం లేదా లిథియం.

రెండు బ్యాటరీలు పక్కపక్కన (పారలల్‌గా, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలపాలనుకుంటే ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకేసారి కొన్నవి అయ్యుండాలి. పాతదానికి కొత్తది జతచేస్తే పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది.

కొనే రోజు

మల్టీమీటరు పట్టుకెళ్ళండి. కొత్త లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టులకి తక్కువ చూపిస్తే అది షాపులో చాలాకాలంగా కూర్చుందన్నమాట, వేరేది అడగండి. తయారీ నెల ఎక్కడ ముద్రించారో చూపించమనండి, కోడ్ రూపంలో ఉంటే చదివి చెప్పమనండి. ఆర్నెల్లు దాటింది తీసుకోవద్దు. గ్యారంటీ కార్డు అక్కడే నిలబడి చదవండి, ఎందుకంటే కారుకి, ఇన్వర్టరుకి అని అమ్మిన బ్యాటరీని వేరే పనికి వాడితే గ్యారంటీ చెల్లదని రాసి ఉండే అవకాశం ఎక్కువ. "36+36" నెలలు లాంటి అంకె ఉంటే మొదటి భాగంలో మాత్రమే ఉచితంగా కొత్తది ఇస్తారు, రెండో భాగంలో డిస్కౌంటు అంతే.

ఇంటికొచ్చాక, పడవ ఎక్కించకముందు, సామర్థ్యం పరీక్ష ఒకటి చేయండి. ఖర్చు లేనిది, బ్యాటరీ బండారం బయటపెట్టేది. పూర్తిగా ఛార్జి చేసి, 60 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బు తగిలించండి. అది సుమారు 5 ఆంపియర్లు తీసుకుంటుంది. 100 ఏహెచ్ లెడ్ యాసిడ్‌కి పది గంటలు వెలిగిస్తే సగం అవుతుంది. బల్బు తీసేసి, రాత్రంతా వదిలేసి పొద్దున్న కొలవండి. 12.2 వోల్టుల దగ్గర ఉంటే నిజాయితీ సరుకు, 11.9 చూపిస్తే బిల్లు పట్టుకుని షాపుకెళ్ళండి. లిథియానికి వోల్టేజితో తెలియదు కాబట్టి షంట్ మీటరు పెట్టి బల్బు ఆరేదాకా వెలిగించి మొత్తం ఎన్ని ఏహెచ్ ఇచ్చిందో చూడాలి, రెండు బల్బులు పెట్టుకుంటే తొందరగా తేలుతుంది. బల్బు బాగా వేడెక్కుతుంది, పరుపు పక్కనా పేపర్ల పక్కనా పెట్టకండి.

పడవలో బిగించడం

బరువు కిందికి, మధ్యకి. మోటారు వెనకాల, దాన్ని నడిపే మనిషీ వెనకాలే, కాబట్టి బ్యాటరీ ముందువైపుకి జరిపితే పడవ సమంగా కూర్చుంటుంది. ప్లాస్టిక్ బ్యాటరీ పెట్టె, దానికి బెల్టు, బెల్టు పడవకి గట్టిగా. పడవ తిరగబడినా బ్యాటరీ కదలకూడదు అనేంత గట్టిగా. యాసిడ్ రకమైతే పెట్టెకి గాలి ఆడాలి, ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వకి పేలుతుంది. సీటు కింద మూసేసిన అరలో పెట్టి ఛార్జి చేయకండి, పక్కన బీడీ వెలిగించకండి.

ముందుకి జరిపితే వైరు పొడుగు పెరుగుతుంది. అక్కడ లోభం చేశారో, బ్యాటరీ మీద పెట్టిన డబ్బు వైరు వేడి చేయడానికి పోతుంది. 50 ఆంపియర్లకి, బ్యాటరీ నుంచి మోటారుకి రెండున్నర మీటర్ల దూరానికి 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడండి. తగరం పూత ఉన్న రాగి దొరికితే మరీ మంచిది, ఉప్పుగాలికి మామూలు రాగి లోపలికంటా పచ్చబడిపోతుంది. లగ్గులు (వైరు చివర బిగించే లోహపు కొనలు) సుత్తితో కొట్టి అతికించకుండా ప్రెస్ టూలుతో వేయించండి, వెల్డింగ్ షాపుల్లోనో ప్యానెల్ బోర్డులు కట్టేవాళ్ళ దగ్గరో ఉంటుంది.

ఫ్యూజు లేకుండా మోటారు కలపడం మన దగ్గర చాలా మామూలు, చాలా ప్రమాదం కూడా. ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుని షార్ట్ అయితే బ్యాటరీ వందల ఆంపియర్లు దింపేస్తుంది, ఫైబర్ పడవ మంటకి ఎంత తొందరగా అంటుకుంటుందో చెప్పక్కర్లేదు. ప్లస్ వైరు మీద, బ్యాటరీ నుంచి జానెడు లోపలే, 50 ఆంపియర్ల మోటారుకి 60 ఆంపియర్ల డీసీ బ్రేకరు పెట్టండి. ఇంటి మీటరు దగ్గర వాడే ఏసీ ఎంసీబీ పెట్టకండి, డీసీ కరెంటుని అది సరిగ్గా తెంచలేదు.

ఇక తెడ్లు. రెండు తెడ్లు, మనిషికో లైఫ్ జాకెట్. ఎంత మంచి బ్యాటరీ కొన్నా అవి పడవలోనే ఉండాలి.

ఛార్జింగు, ఉప్పుగాలి, రోహిణి కార్తె

తిరిగొచ్చిన రోజే ఛార్జికి పెట్టండి. లెడ్ యాసిడ్‌ని సగం ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, రెండు వారాలు ఆలస్యం చేసినా తేడా తెలుస్తుంది. ఛార్జరు సైజు, యాసిడ్ రకానికి సామర్థ్యంలో పదో వంతు, అంటే 150 ఏహెచ్‌కి 15 ఆంపియర్లు. యాసిడ్ రకం 14.4 నుంచి 14.8 వోల్టుల దాకా పోవాలి, జెల్ 14.1 దాటకుండా ఉంటే మంచిది, లిథియం గరిష్ఠంగా 14.6. ఒకే ఛార్జరు అన్నిటికీ వాడేయొచ్చు అని షాపువాళ్ళు అంటే నమ్మకండి, ఏ రకానిదో మార్చుకునే స్విచ్చు ఉన్నది తీసుకోండి. పాత ఇన్వర్టరుతో లిథియం ఛార్జి చేయొద్దు. కరెంటు అందని చోట పడవ ఉంటే 100 వాట్ల సోలార్ పలక మంచి ఎండలో రోజుకి 25 ఏహెచ్ దాకా నింపుతుంది, ఆదివారం వాడింది బుధ, గురువారాలకి నిండిపోతుంది, మధ్యలో బ్యాటరీకి ఎక్కువ ఎక్కకుండా ఆపే ఛార్జ్ కంట్రోలరు తప్పనిసరి.

టెర్మినళ్ళ మీద తెల్లగానో పచ్చగానో పొంగు వస్తుంది, నౌపడా, భావనపాడు వైపు ఉప్పుగాలికి ఇంకా తొందరగా. వైర్లు విప్పి, తినే సోడా కలిపిన నీళ్ళతో బ్రష్ పెట్టి కడిగి, ఆరాక బిగించి పైన వాసెలిన్ రాయండి. సోడా నీళ్ళు మూతల్లోంచి లోపలికి పోకూడదు. లోపల పొయ్యాల్సింది డిస్టిల్డ్ వాటరు మాత్రమే, బోరు నీళ్ళు, ఫిల్టరు నీళ్ళు కాదు, అదీ ఛార్జి అయిన తర్వాత.

మన తీరంలో వేట నిషేధం 61 రోజులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అది మర పడవల వేటకి పెట్టింది, మీ సరదా పడవకి వర్తించినా వర్తించకపోయినా ఆ ఎండల్లో ఎవరూ బయటికి తీయరు, పడవ కొబ్బరిచెట్టు కింద బోర్లా పడి ఉంటుంది. బ్యాటరీకి అదే గండం. వేడి పెరిగినకొద్దీ దానంతట అదే ఖాళీ అవడం ఎక్కువవుతుంది, పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపు, పైగా ఆయుష్షూ ఆ లెక్కనే కరిగిపోతుంది. ఇంటికి తెచ్చి నీడలో, గాలి ఆడేచోట పెట్టండి. లెడ్ యాసిడ్ అయితే పూర్తిగా నింపి పెట్టి నెలకోసారి మళ్ళీ నింపాలి. లిథియాన్ని నిండా నింపి దాచకండి, సగం ఛార్జిలో ఉంచి వైర్లు విప్పేస్తే ఆ రెండు నెలలూ దాని మొహం చూడక్కర్లేదు. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను హెచ్చరిక వస్తే పడవ కంటే ముందు బ్యాటరీని ఇంటికి చేర్చండి. పడవ ఎక్కడికి కొట్టుకుపోయినా బ్యాటరీ ఇంట్లో ఉంటే ఆ రాత్రి రెండు ఎల్ఈడీ లైట్లూ ఫోను ఛార్జింగూ దాని మీదే నడుస్తాయి.

కొన్న తేదీ పర్మనెంట్ మార్కరుతో డబ్బా పక్కన రాసుకోండి, పైన రాస్తే యాసిడ్‌కి చెరిగిపోతుంది. ఏడాదికోసారి ఆ బల్బు పరీక్ష మళ్ళీ చేస్తే ఎంత తగ్గిందో అంకెల్లో తెలుస్తుంది. పది గంటలు వెలగాల్సింది ఏడు గంటలకే 12.2కి వచ్చేస్తే వాడొచ్చు కానీ తిరుగు ప్రయాణం లెక్క మళ్ళీ వేసుకోవాలి. ఐదుకి పడిపోతే మార్చేయండి. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీకి సీసం వల్ల మంచి ధరే వస్తుంది. గుజిరీ బండికి ఇవ్వకుండా కొత్తది కొనే షాపులోనే ఇచ్చి, ఎంత తగ్గించారో బిల్లు మీద రాయించుకోండి.